పల్నాటి వీరగాథా ప్రదర్శనలు - బాల ప్రేక్షకులు: కుటుంబ నిర్ణయానికి కొన్ని ప్రమాణాలు

వ్యాససంగ్రహం:

పల్నాటి యుద్ధకథ కారంపూడి వీరారాధనలో గానంగా, ఊళ్లలో బుర్రకథగా, రంగస్థలం మీద నాటకంగా, తెరమీద చలనచిత్రంగా తెలుగువారికి చేరింది. ఇది గంభీరమైన యుద్ధగాథ. దీనిని పిల్లలకు చూపవచ్చునా, చూపితే ఏ రూపంలో, ఏ ఘట్టం మేరకు చూపాలి అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కథలోని రక్తపాతం కంటే, బాలచంద్రుని ఘట్టంలో పెద్దల మాట ఒక కుర్రవాణ్ణి యుద్ధానికి నడిపించిన తీరే ఈ నిర్ణయానికి కీలకమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పల్నాటి వీరచరిత్ర, వీరవిద్యావంతులు, బాలచంద్రుడు, బుర్రకథ, బాల ప్రేక్షకులు, కారంపూడి.

1. ప్రవేశిక:

కార్తిక అమావాస్య నాటికి పల్నాటి నల్లరేగడి చేలలో పత్తితీత సాగుతూ ఉంటుంది. మిరప ఇంకా కోతకు రాదు. కూలి చేతిలో ఆడే ఆ రోజుల్లోనే నాగులేటి ఒడ్డున కారంపూడిలో పల్నాటి వీరారాధన ఉత్సవం మొదలవుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో అయిదు రోజులు జరిగే ఈ ఉత్సవానికి వీరాచారం పాటించే కుటుంబాలు వీరుల ఆయుధాలను మోసుకొని వస్తాయి. తిరునాళ్ల అంటే ఇల్లంతా కదులుతుంది. ముసలివారు, బాలింతలు, బడిపిల్లలు, చంకబిడ్డలు అందరూ వస్తారు. పిల్లలను ఇంటి దగ్గర వదిలి రావడానికి ఇంటి దగ్గర ఎవరూ ఉండరు కూడా.

అందువల్ల యుద్ధకథను పిల్లలకు చూపాలా వద్దా అన్న ప్రశ్న ఇక్కడ టిక్కెట్టు కొనేటప్పుడు ఎదురయ్యేది కాదు. పిల్లవాడు అప్పటికే తండ్రి భుజం మీద కూర్చొని ఉంటాడు. ఏ రాత్రి దాకా ఉంచాలి, ఏ ఘట్టం రాగానే ఇంటికి తీసుకుపోవాలి, వాడు ఏమి అడిగితే ఏమి చెప్పాలి అన్న రూపంలో ఆ ప్రశ్న తల్లిదండ్రుల ముందుకు వస్తుంది. గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు వంటి పట్టణాలలో స్థిరపడి, పిల్లలకు సొంత సీమ కథ తెలియాలని కోరుకునే ఉద్యోగ కుటుంబాలకు ఇదే ప్రశ్న మరోవిధంగా ఎదురవుతుంది. వారికి ఎంచుకునే వీలుంది. అయితే ఎంచుకోవడానికి ఆధారమే లేదు.

చలనచిత్రానికి ఆ ఆధారం కొంత ఉంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ధ్రువీకరణ పత్రాన్ని తప్పనిసరి చేసింది. 2023 సవరణ పెద్దల పర్యవేక్షణ అవసరమైన చిత్రాలను ఏడు, పదమూడు, పదహారేళ్ల వయస్సులను బట్టి మూడు తరగతులు చేసింది. రంగస్థలానికి ఇటువంటిది లేదు. నాటకాలపై ప్రభుత్వం చేతిలో చాలాకాలం ఉన్న 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం రాజద్రోహాన్ని, అశ్లీలాన్ని వెతికిందే గాని, తల్లిదండ్రులకు ఏనాడూ ఏమీ చెప్పలేదు. ఆ చట్టం ఇటీవలనే రద్దయింది. దాని స్థానంలో పిల్లల కోసం మరో చట్టం కావాలని అనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. జానపద గాయకుని గొంతు మీద వయస్సు ముద్ర వేయబూనడం అవివేకం. కుటుంబానికి కావలసింది కథను గురించిన ఎరుక. దాన్ని ఇవ్వగలిగినవారు తెలుగు శాఖలలో పనిచేసే అధ్యాపకులు, పరిశోధకులు.

2. ఒకే గాథ, పలు ప్రదర్శనలు:

పాశ్చాత్యుల ఆపెరాకు తెలుగులో సరిగ్గా సరిపోయే మాట లేదు. ఆద్యంతం పాడుతూ, వాద్యసహకారంతో, ఒక పెద్ద కథను ప్రజల ముందు నిలపడం అన్న అర్థంలో చూస్తే పల్నాటి వీరవిద్యావంతుల గానం దానికి దగ్గరి బంధువే. 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో గురజాల, మాచెర్ల రాజ్యాల మధ్య జరిగిన దాయాదుల పోరు దీని వస్తువు. ఓరుగల్లు వీథులలో పల్నాటి వీరుల కథ పాడుతున్న దృశ్యం క్రీడాభిరామంలో కనిపిస్తుంది కనుక ఈ గాన సంప్రదాయం ఎంత పాతదో ఊహించవచ్చు. శ్రీనాథుని పేర నిలిచిన ద్విపద పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో ప్రకటించిన తరువాత ఇది పండితుల చర్చలోకి వచ్చింది. తంగిరాల వెంకటసుబ్బారావు పరిశోధన వీరగాథలను ఒక ప్రక్రియగా నిలబెట్టింది. అలిసెట్టి గాలెయ్య పాడిన కథను ఆధారం చేసుకొని జీన్ రోఘేర్ రూపొందించిన ఆంగ్ల గ్రంథం 1982లో ఆక్స్‌ఫర్డ్ నుండి వెలువడింది. ఇంత కృషిలోనూ శ్రోతలలో సగం మందిగా ఉండే పిల్లల ఊసు దాదాపు రాలేదు.

వీరవిద్యావంతుల గానం రాత్రుల తరబడి సాగుతుంది. గాయకుడు ఒక్కొక్క వీరుని కథను విడివిడిగా ఎత్తుకొని పాడతాడు. పంబ మోగుతుంది. కత్తి పట్టిన చెయ్యి కథతో పాటు లేస్తుంది. ఇందులో పిల్లల కంటికి కనిపించేది తక్కువ, చెవికి చేరేది ఎక్కువ. పైగా పాటలోని ప్రాచీన పదజాలం వారికి సగమే అర్థమవుతుంది. ఆ సగం కొన్నిసార్లు రక్షణ. కొన్నిసార్లు అదే ఇబ్బంది, ఎందుకంటే తెలిసీ తెలియని మాట చుట్టూ పిల్లలు సొంతంగా భయాన్ని అల్లుకుంటారు.

ఉత్సవంలోని క్రియాకలాపం దీనికి భిన్నం. అక్కడ కథను వినిపించరు, జరిపిస్తారు. ఆయుధాల ఊరేగింపు, పూనకం, జనసమ్మర్దం, చీకటి, డప్పుల హోరు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. గావు అన్న మాటే బలిని సూచిస్తుంది. కల్లిపాడు వీరుల మరణానికి ప్రతీకగా జరిగే చివరి రోజు. ఇది నాటకం కాదు, ఆరాధన అన్న తేడా పెద్దలకు తెలుసు. నాలుగేళ్ల బిడ్డకు ఆ తేడా తెలియదు. వాని దృష్టిలో ఎదుటి మనిషి నిజంగానే తనను తాను మరచిపోయాడు. పరిచితుడైన మామయ్యో, పక్కింటి తాతయ్యో పూనకంలో మారిపోవడం, వేదిక మీద వేషగాడు పడిపోవడం కంటే ఎక్కువగా కలవరపెడుతుంది.

బుర్రకథ విషయం వేరు. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ పల్నాటి యుద్ధాన్నీ బొబ్బిలి యుద్ధాన్నీ బుర్రకథలుగా ప్రజల్లోకి తీసుకువెళ్లాడు. కథకునికి ఇరువైపులా ఇద్దరు వంతలుంటారు. ఒకరు హాస్యం చెబితే, మరొకరు రాజకీయం చెబుతారు. బాల ప్రేక్షకుల దృష్టితో చూస్తే ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది. కథ బిగుసుకున్న చోట హాస్యగాడు ఊపిరి తీసుకునే సమయం ఇస్తాడు. అర్థంకాని చోట అజ్ఞానిలా నటిస్తూ పిల్లవాడు అడగదలచుకున్న ప్రశ్ననే అడుగుతాడు. రాజకీయం చెప్పే వంత ఆనాటి తగవును ఈనాటి ఊరి తగవుతో పోలుస్తాడు. ఇంట్లో తల్లిదండ్రులు చేయవలసిన పనిని ప్రక్రియే వేదిక మీద చేసిపెడుతోంది. తొలిసారి పల్నాటి కథ వినే పిల్లలకు బుర్రకథను మించిన ద్వారం లేదని చెప్పవచ్చు.

రంగస్థల నాటకాలు, చలనచిత్రాలు కథను రెండు మూడు గంటల్లోకి కుదిస్తాయి. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘నాయకురాలు’ నాటకం రచించాడు. 1947లో గూడవల్లి రామబ్రహ్మం మొదలుపెట్టగా ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేసిన ‘పల్నాటి యుద్ధం’, 1966లో అదే పేరుతో వచ్చిన చిత్రం ఈ కథను ఊరూరికీ చేర్చాయి. ఇళ్లలో నేడు పిల్లలకు సులభంగా అందేవి ఇవే. వీటిలో యుద్ధం కనిపిస్తుంది గాని, పాత చిత్రాల కత్తియుద్ధం ఇప్పటి పిల్లలను భయపెట్టదు. విసుగు పుట్టిస్తే పుట్టించవచ్చు.

3. కనిపించే హింస, వినిపించే హింస:

యుద్ధం, రాజ్యభ్రంశం, మరణం, నగరాన్ని ముట్టడించడం వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపరాదని, ప్రవేశకాదుల ద్వారా సూచించాలని నాట్యశాస్త్రం నియమం చెప్పింది. దీనిని కేవలం మర్యాదకో, రంగస్థల సౌకర్యానికో పెట్టిన నియమంగా తేల్చివేయడం కద్దు. కాని కంటితో చూసిన మరణానికీ నోటితో చెప్పిన మరణానికీ ప్రేక్షకుని మనస్సులో తేడా ఉంటుందన్న గుర్తింపు దాని వెనుక ఉంది. చెప్పిన మరణాన్ని శ్రోత తన శక్తి కొద్దీ ఊహించుకుంటాడు. పెద్దవాని ఊహకు అనుభవం హద్దు కడుతుంది. పిల్లవాని ఊహ రెండు విధాలా పోతుంది. మరణాన్ని చూడని బిడ్డ దానిని నిద్రలా ఊహించుకొని హాయిగా ఉండవచ్చు. ఆ ఏడాదే ఇంట్లో తాతగారిని పోగొట్టుకున్న బిడ్డకు ఒక్క మాట చాలు.

కనుక వయస్సు ఒక్కటే కొలబద్ద కాదు. ఒకే తరగతి చదివే ఇద్దరు పిల్లలలో ఒకరికి తగినది మరొకరికి తగకపోవచ్చు. తల్లిదండ్రులు మొదట అడగవలసింది ఈ కథ ఎన్నేళ్లవారికి అని కాక, ఈ మధ్య మా బిడ్డ ఏమేమి చూశాడు, ఏమేమి పోగొట్టుకున్నాడు అని. అప్పుల పాలైన రైతుల ఆత్మహత్యలను చూసిన సీమ ఇది. వీరమరణాన్ని, ఆత్మార్పణను కీర్తించే పాట అటువంటి ఇంటి బిడ్డ చెవిలో ఎలా మోగుతుందో ఆలోచించకుండా మన సంస్కృతి అని కూర్చోబెట్టడం సరికాదు.

అయితే దీనికి మరోవైపు కూడా ఉంది. జానపద కథలలోని భయానక అంశాలు పిల్లల అంతరంగంలోని భయాలకు ఒక ఆకారాన్నిచ్చి వారికి తోడ్పడతాయని 1976లో బ్రూనో బెటల్‌హైమ్ వాదించాడు. ఆయన వాదంలో అతిశయోక్తి ఉండవచ్చు. కాని భయం లేని కథలనే ఏరి వినిపిస్తే పిల్లలు ధైర్యంగా పెరుగుతారన్న నమ్మకానికి అంతకన్నా గట్టి ఆధారం లేదు. తెలుగు పిల్లలు అభిమన్యుణ్ణి ముందు ‘మాయాబజార్’లో పెళ్లికొడుకుగా చూస్తారు. పద్మవ్యూహం సంగతి కొన్నేళ్ల తరువాత తెలుస్తుంది. ఎవరూ ప్రణాళిక వేయకుండానే ఏర్పడిన ఈ క్రమం చక్కనిది. వీరుని బ్రతుకు ముందు, చావు తరువాత. పల్నాటి బాలునికి అటువంటి మాయాబజార్ లేదు. మొదటి పరిచయంలోనే అతడు యుద్ధానికి బయలుదేరుతాడు.

4. బాలచంద్రుని ఘట్టం:

ఈ గాథలో పిల్లలు తమను తాము చూసుకునేది బ్రహ్మనాయునిలోనో నలగామరాజులోనో కాదు. ఆ అవకాశం బాలచంద్రునికే దక్కుతుంది. పేరులోనే బాలుడున్నాడు. అతడు తొలిసారి కనిపించేదీ ఆటలోనే. పెద్దలందరూ కార్యమపూడి కదనానికి తరలిపోయారు. తోటి కుర్రవాళ్లతో బొంగరాలాడుతుండగా బొంగరం వెళ్లి అన్నపూర్ణ అనే స్త్రీకి తగులుతుంది. నొచ్చిన ఆమె దెప్పిపొడుస్తుంది. నీవాళ్లంతా యుద్ధభూమిలో ఉంటే నీవిక్కడ ఆటలాడుతున్నావన్నది ఆ దెప్పుడు సారాంశం. ఆ మాటతో కథ మలుపు తిరుగుతుంది. బొంగరం పట్టిన చెయ్యి కత్తికి పోతుంది.

ఈ మలుపును వీరరసానికి ఉద్దీపన విభావంగా వివరించడం తరగతి గదిలో పరిపాటి. అలంకారశాస్త్రం దృష్ట్యా అది సరైనదే. కాని పదేళ్ల పిల్లవాడు దీన్ని ఎలా వింటాడు? వాడు రోజూ ఆటలో ఏదో ఒకటి పగులగొడుతూ, ఎవరితోనో ఒకరితో తిట్లు తింటూ ఉంటాడు. పొరపాటున బొంగరం తగిలితే దానికి పరిహారం యుద్ధమా అన్న సందేహం వానికి కలగడం సహజం. కథలోని వీరులందరిలో అతి తేలికగా అర్థమయ్యే అవమానం ఇది. అందుకే అతి లోతుగా దిగుతుంది కూడా.

తరువాత వచ్చేది తల్లి ఐతాంబ. కొడుకు సెలవడిగితే ఆమె వెంటనే తిలకం దిద్ది పంపే వీరమాత కాదు. వారిస్తుంది. వినకపోయేసరికి భార్యను చూసి వెళ్లమని మాంచాల దగ్గరకు పంపుతుంది. తన మాటకు ఆగనివాడు ఆమె దగ్గర ఆగుతాడేమో అన్న ఆశ అందులో ఉంది. ఆ ఆశ నెరవేరదు. మాంచాల అతనికి కర్తవ్యాన్ని గుర్తుచేసి కత్తి అందించి సాగనంపుతుంది. వీరపత్నిగా మాంచాలకు తెలుగునాట దక్కిన కీర్తి అంతా ఈ ఘట్టం వల్లనే. వేదిక మీద ఎక్కువ చప్పట్లు పడేదీ ఇక్కడే. ఆ చప్పట్లలో ఐతాంబ ఆశ వినిపించకుండా పోతుంది. కుదించిన ప్రదర్శనలలో ముందు కోతపడగలిగిందీ తల్లి వారించే భాగమే. ప్రదర్శన పిల్లలకు తగునా అని తేల్చుకోవాలనుకునే తల్లిదండ్రులు నిర్వాహకులను ఒకే ఒక్క ప్రశ్న అడగగలిగితే, ఐతాంబ ఘట్టం ఉందా అని అడగడం మంచిది. అది ఉన్న ప్రదర్శనలో పిల్లవానికి, తనను ఆపాలని చూసే ఒక పెద్దమనిషి కనిపిస్తుంది. అది లేని ప్రదర్శనలో పెద్దలందరూ కలిసి ఒక కుర్రవాణ్ణి యుద్ధానికి తోసినట్లు మాత్రమే మిగులుతుంది.

అనపోతు కథ ఇంకా సున్నితమైనది. బ్రాహ్మణుడైన ఈ నేస్తాన్ని యుద్ధంలో చావనీయకూడదని బాలచంద్రుడు ఏదో నెపం మీద వెనక్కి పంపి తాను ముందుకు సాగిపోతాడు. సంగతి తెలిసిన అనపోతు ప్రాణాలు తీసుకుంటాడు. స్నేహానికి పరాకాష్ఠగా గాయకులు దీన్ని పాడతారు. ఈ వ్యాసంలో ఇతర ఘట్టాల విషయమై చెప్పినదంతా కుటుంబం విచక్షణకు వదిలినా, ఈ ఒక్క ఘట్టం విషయంలో గట్టిగా చెప్పవలసి ఉంది. నేస్తం తనను వదిలి వెళ్లాడని ఒక కుర్రవాడు ప్రాణం తీసుకోవడాన్ని కీర్తించే భాగం కౌమారంలో అడుగుపెట్టిన పిల్లల ముందుకు పెద్దల మాట తోడు లేకుండా రాకూడదు. చిన్నపిల్లల కన్నా పదమూడు, పద్నాలుగేళ్లవారి విషయంలోనే ఇక్కడ జాగ్రత్త ఎక్కువ కావాలి. ఎదిగిన పిల్లలే కదా, వారికేమి అనుకునే అలవాటు ఈ చోట పనికిరాదు.

బాలల హక్కుల ఒడంబడికను 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించింది. పిల్లలను సాయుధ పోరాటాలలో దింపడాన్ని అరికట్టే అదనపు ఒప్పందం 2000లో వచ్చింది. భారతదేశం రెండింటిలోనూ భాగస్వామి. ఆ కళ్లతో చూస్తే బాలచంద్రుడు నేటి భాషలో బాలసైనికుడు. పన్నెండో శతాబ్ది వీరునికి ఇరవై ఒకటో శతాబ్ది చట్టాన్ని అంటగట్టడం కాలదోషమని ఆక్షేపించవచ్చు. ఆక్షేపణ న్యాయమైనదే. కాని వినే పిల్లవాడు ఇరవై ఒకటో శతాబ్దివాడు. బడిలో వానికి నేర్పేది ఒకటి, పాటలో వినేది ఒకటి అయినప్పుడు రెండింటినీ కలిపి మాట్లాడవలసినవారు ఇంటి పెద్దలే.

5. విషం, చితి, చాపకూడు:

మిగిలిన ఘట్టాలను వేగంగా చూడవచ్చు. కోడిపోరు పిల్లలకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం. బ్రహ్మనాయుని పుంజు చిట్టిమల్లు పేరు కథ పేరు కన్నా ముందు నోటికి వస్తుంది. పందెం ఓడి మలిదేవాదులు ఏడేళ్లు వలసపోవడం జూదపు ఫలితంగా తేలిగ్గా అర్థమవుతుంది. మహాభారతంతో పోలిక పిల్లలే పట్టుకుంటారు. వలస వెళ్లినవారు మకాం చేసిన మేడపి త్రిపురాంతకం సమీపంలోనిదే కనుక ప్రకాశం సీమ పిల్లలకు ఇది సొంత ఊరి ముచ్చట.

అలరాజు రాయబారం అలా కాదు. రాయబారిగా వచ్చినవానికి చర్లగుడిపాడులో విషం పెట్టడం పిల్లల న్యాయబుద్ధిని గాయపరుస్తుంది. అది మంచి గాయమే, మాట్లాడటానికి వీలిస్తుంది. చిక్కు పేరమ్మ సహగమనంతో వస్తుంది. తండ్రి పక్షం తన భర్తను చంపించగా, ఆమె చితికి నడవడాన్ని పాట మహిమగా చెబుతుంది. 1987 నాటి సతీ నిరోధక చట్టం ఈ ఆచారాన్ని కీర్తించడాన్ని కూడా నేరంగా పరిగణించింది. వీరగాథ పాత పాట గనుక వదిలేయవచ్చు. ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టుకున్న తల్లి వదిలేయలేదు. నాగమ్మ పాత్ర కూడా ఈ సందర్భంలోనే ఆలోచించదగినది. మంత్రిత్వం నెరపిన స్త్రీని కీడుకు మూలంగా నిలిపే కథనంలో ఆడపిల్లలకు దొరికే స్త్రీలు ముగ్గురే: యుద్ధానికి పంపిన భార్య, చితికెక్కిన భార్య, కుట్ర పన్నిన నాయకురాలు. ఐతాంబను గుర్తుంచుకోవడానికి ఇది మరో కారణం.

పిల్లల కోసమే పుట్టిందా అనిపించే ఘట్టం చాపకూడు. కులభేదం లేకుండా అందరూ ఒకే చాప మీద కూర్చొని తినడం. మాలకులంలో పుట్టిన కన్నమదాసును బ్రహ్మనాయుడు కొడుకుగా చూసుకోవడం, బాలచంద్రుని జట్టులో వేర్వేరు కులాల కుర్రవాళ్లు ఉండడం దీనితో ముడిపడిన సంగతులు. బడిలో మధ్యాహ్న భోజనం వరుసలో కూర్చునే పిల్లలకు దీని అర్థం వివరించనక్కరలేదు. ఈ కథను తరతరాలుగా కాపాడిన వీరవిద్యావంతులలో దళితులు ఉండడం మాత్రం వివరించాలి.

6. నిర్ణయానికి ముందు, తరువాత:

పాశ్చాత్య దేశాలలో యుద్ధ ఇతివృత్తపు ఆపెరాలను ప్రదర్శించే సంస్థలు కథాసారాన్ని, తుపాకుల చప్పుడు, మరణ దృశ్యాలు వంటి వివరాలను ముందే తెలియజేసే పద్ధతి ఉంది. 1914 క్రిస్మస్ నాటి తాత్కాలిక కాల్పుల విరమణ ఇతివృత్తంగా 2011లో మిన్నెసోటాలో తొలిసారి ప్రదర్శితమైన కెవిన్ పుట్స్ ఆపెరా ‘సైలెంట్ నైట్’ వంటివి చూడదలచిన కుటుంబానికి ముందుగా చదువుకోవడానికి ఎంతో కొంత దొరుకుతుంది. దీనికి విలోమంగా నిలిచే ఉదాహరణ ‘బ్రుండిబార్’. హాన్స్ క్రాసా స్వరపరచిన ఈ బాలల ఆపెరాను 1943-44లలో నాజీలు బంధించిన యూదు పిల్లలు తెరెజీన్ నిర్బంధ శిబిరంలో యాభైకి పైగా మార్లు ఆడారు. అందులో యుద్ధం మాటే లేదు. జబ్బుపడిన తల్లికి పాలు కొనడానికి వీథిలో పాడబోయిన ఇద్దరు పిల్లలు, వారిని తరిమే వాద్యగాడు, సాయంవచ్చే పిల్లి, కుక్క, పిచ్చుక, అంతే. యుద్ధం నడుమ ఉన్న పిల్లలు యుద్ధం లేని కథను ఆడారు. శాంతికాలంలో ఉన్న మన పిల్లలకు యుద్ధకథ చెబుతున్నాం. అక్కడా ఇక్కడా పిల్లలు వెతికేది ఒకటే, తమ వైపు ఎవరున్నారని.

ఈ దృష్టితో కుటుంబాలు చేయదగినవి పెద్ద కష్టమైనవి కావు. ప్రదర్శనకు ముందు కథను ఇంట్లో ఒకసారి మామూలు మాటల్లో చెప్పాలి, చివర బాలచంద్రుడు చనిపోతాడన్న సంగతితో సహా. ఆసక్తి చెడుతుందన్న భయం అక్కరలేదు. రామాయణం ముగింపు తెలియక ఎవరూ హరికథకు వెళ్లరు. జానపద గానంలో ఉత్కంఠ ఏమవుతుందన్నదానిలో కాక ఎలా పాడతారన్నదానిలో ఉంటుంది. ఆరేడేళ్ల లోపు పిల్లలకు బుర్రకథ, అదీ కోడిపోరు దాకా చాలు. ఎనిమిది నుంచి పన్నెండేళ్లవారు పక్కన పెద్దవారుంటే యుద్ధఘట్టం వినగలరు. వేదికకు మరీ దగ్గరగా, పంబ చెవిలో మోగేచోట కూర్చోబెట్టకూడదు. లేచి వెళ్లడానికి దారి ఉండే చోటు చూసుకోవాలి. పిల్లవాడు మధ్యలో వెళ్దామంటే వెళ్లిపోవాలి. వీరుని కథ వింటూ పిరికివాడివి అని ఎగతాళి చేస్తే అన్నపూర్ణ మాటనే మళ్లీ అన్నట్లవుతుంది. కౌమారంలో ఉన్నవారికి మొత్తం గాథ తెలియాలి, అయితే అనపోతు ఘట్టం తరువాత మౌనంగా ఇంటికి రాకూడదు.

అధ్యాపకుల వంతు ఇంకొకటి ఉంది. వీరగాథల మీద పరిశోధన చేసేవారు ఘట్టాల వారీగా ఒక్క పేజీ పరిచయ పత్రం తయారుచేసి స్థానిక పాఠశాలలకు, నాటక సమాజాలకు ఇవ్వవచ్చు. ఏ రాత్రి ఏ కథ, ఎంతసేపు, అందులో ఎవరు ఎలా మరణిస్తారు, ఏ మాటలు పిల్లలకు అర్థం కావు, ఏ ప్రశ్నలు రావచ్చు అన్నంత వరకు చాలు. గాయకుల సమ్మతితో, వారితో కూర్చొని రాయవలసిన పత్రం ఇది. ఏ ఘట్టంలో పిల్లలు ఏడ్చారో, ఎక్కడ తల్లులు బిడ్డలను ఎత్తుకొని లేచిపోయారో వేదిక మీది నుంచి చూసినవారు వారే. ఆ పత్రంలో కథ ముగింపు తప్పక ఉండాలి. సాధారణంగా బాలచంద్రుని మరణం దగ్గర ఆగిపోయే శ్రోతలు దాని తరువాతి సంగతి వినరు. యుద్ధం ముగిశాక బ్రహ్మనాయుడు నలగామరాజునే గద్దె మీద నిలిపి, తాను గుత్తికొండ బిలంలోకి వెళ్లిపోయాడని సంప్రదాయం చెబుతుంది. పిడుగురాళ్ల వైపు నుంచి ఆ బిలానికి దారి ఉంది. పిల్లలను పగటిపూట అక్కడికి తీసుకువెళ్లవచ్చు.

ఉత్సవం అయిదు రోజులలో చిన్నపిల్లలతో ఒక్కరోజే వెళ్లగలిగే కుటుంబం మందపోరు నాటి పగటిని ఎంచుకోవడం మేలు. చాపకూడు ఆ రోజే.